క్యాప్ అండ్ బాల్ రివాల్వర్‌కి నమ్మకమైన క్యాపులు, మందు కొలత ఏవి? హ్యూస్టన్ పోతున్నా, తెలిసినవాళ్ళు చెప్పండి

వైట్‌ఫీల్డ్_వాసి:

అందరికీ నమస్కారం. ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, సొంతూరు ఒంగోలు దగ్గర. ఆఫీసు పని మీద వచ్చే నెల హ్యూస్టన్ పోతున్నా, అక్కా బావా అక్కడే ఉంటారు, మా బావకి పాతకాలం రివాల్వర్లంటే ప్రాణం. ఆయన దగ్గర రెండున్నాయి, రెండూ ఇటలీలో చేసిన కాపీలే, ఒకటి 1851 కోల్ట్ నేవీ .36 క్యాలిబర్, ఇంకోటి 1858 రెమింగ్టన్ .44. తూటా పెట్టి కాల్చేవి కావు ఇవి, సిలిండర్ ముందు నుంచి ఒక్కో ఛాంబర్‌లో బ్లాక్ పౌడర్ పోసి, పైన సీసం గుండు పెట్టి, కింద ఉండే లివర్‌తో లోపలికి దిగ్గొట్టి, వెనక నిపిల్ (క్యాప్ కూర్చునే చిన్న గొట్టం) మీద, దెబ్బ తగిలితే పేలే చిన్న రాగి క్యాప్ తొడిగితే అప్పుడు పేలతాయి.

సమస్య ఏంటంటే రేంజ్‌కి పోయిన ప్రతిసారీ సగం టైం క్యాపులతోనే సరిపోతోందంట. అక్కడి షాపులో నంబర్ 11 మాత్రమే దొరికాయని అవే తెచ్చుకున్నాడు, రెమింగ్టన్ మీద అవి వదులైపోయి ఒక షాట్ కొట్టేలోపు పక్క క్యాప్ ఊడి కింద పడుతోంది, నేవీ మీదేమో బిగుతుగా ఉండి మొదటి దెబ్బకి పేలదు, హ్యామర్ మళ్ళీ లాగి కొడితే పేలుతుంది. దీనికి తోడు మందు ఎంత పోయాలి అనేదానికి రేంజ్‌లో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తున్నారంట, ఒకాయన 20 గ్రెయిన్స్ అంటే ఇంకొకాయన ఛాంబర్ నిండా పోసేయ్ ఏం కాదు అంటాడు. "నువ్వొచ్చేలోపు కాస్త చదివి పెట్టరా బావమరిదీ, ఇద్దరం కలిసి సెట్ చేద్దాం" అన్నాడు.

నేను చదివినకొద్దీ కన్ఫ్యూజ్ అవుతున్నా. ఏ క్యాప్ కొనాలి, నిపిల్స్ మార్చాలా, మందు ఎంత, అసలు నమ్మకంగా ఆరుకి ఆరు పేలాలంటే దేని మీద దృష్టి పెట్టాలి? ఇంకోటి, వచ్చేటప్పుడు గుర్తుగా ఒక ఖాళీ క్యాప్ డబ్బా, వీలైతే ఒక కాపీ రివాల్వర్ ఇంటికి తెచ్చుకోవచ్చా?

---

ఇందిరానగర్_రిటర్న్:

బ్రో, డాలస్‌లో చాలా ఏళ్ళుండి వెనక్కొచ్చేశాను, అక్కడ ఉన్నన్ని రోజులూ నా వీకెండ్లన్నీ ఇవే, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా ఓపిగ్గా చదువు.

ముందు క్యాప్ సంగతి. అందరూ ఏ బ్రాండ్ మంచిది అని అడుగుతారు, నమ్మకం బ్రాండ్‌లో ఉండదు, క్యాప్‌కీ నిపిల్‌కీ కుదిరే కొలతలో ఉంటుంది. నంబర్ 10, నంబర్ 11 అని డబ్బా మీద ఉంటుంది గానీ అది చెప్పుల సైజు లాంటిది, ఒక కంపెనీ 8 ఇంకో కంపెనీ 8 ఒకటి కాదు. రెమింగ్టన్ వాళ్ళ నంబర్ 10 క్యాప్ అంచు కొంచెం పొడుగ్గా ఉంటుంది, అందుకే ఇటాలియన్ రివాల్వర్ల మీద అది చాలామందికి బాగా కూర్చుంటుంది. సీసీఐ వాళ్ళు 10, 11, 11 మాగ్నం మూడూ చేస్తారు. జర్మనీ ఆర్‌డబ్ల్యూఎస్ 1075 కూడా మంచిదే, దొరికితే. మీ బావ చెప్పేదాన్ని బట్టి ఆ రెండు గన్స్ నిపిల్స్ రెండు రకాల కొలతలు, ఒకే క్యాప్ రెండింటికీ కొంటే ఇలాగే ఉంటది.

నేవీ మీద మొదటి దెబ్బకి పేలక రెండో దెబ్బకి పేలుతోంది అన్నావు చూడు, అందులోనే జవాబుంది. క్యాప్ పూర్తిగా దిగలేదు. మొదటి దెబ్బ బలమంతా క్యాప్‌ని కిందికి తోయడానికే పోయింది, అడుగున ఉన్న మసాలా నిపిల్ కొసకి తగల్లేదు, రెండో దెబ్బకి తగిలి పేలింది. స్ప్రింగ్ వీక్ అయిందేమోనని దాన్ని మార్చే ముందు ఇది చూడండి. క్యాప్ తొడిగాక నున్నటి చెక్క పుల్లతో నొక్కి పూర్తిగా కూర్చోబెట్టాలి, వేలితో కాదు, ఇనప వస్తువుతో అసలు కాదు, నొక్కేటప్పుడు గన్ మూతి టార్గెట్ వైపే ఉండాలి. అప్పటికీ కూర్చోకపోతే ఆ నిపిల్ కొస లావుగా ఉన్నట్టు.

రెమింగ్టన్ మీద వదులు అవుతోంది కదా, చాలామంది క్యాప్‌ని వేళ్ళ మధ్య కొంచెం నొక్కి కోడిగుడ్డు ఆకారం చేసి తొడుగుతారు, ఊడకుండా పట్టుకుంటుంది నిజమే, కానీ ఒక పక్క సందు మిగిలిపోతుంది. నాకది నచ్చదు. ఎందుకంటే ఒక ఛాంబర్ పేలినప్పుడు నిప్పు పక్క ఛాంబర్‌కి అంటుకుని అది కూడా పేలే ప్రమాదం ఉంది, చైన్ ఫైర్ అంటారు, అది వెనక వదులు క్యాప్ సందులోంచే ఎక్కువ మొదలవుతుందని నా అభిప్రాయం. దానికి నంబర్ 10 కొనండి, లేదా నిపిల్స్ మార్చేయండి.

నిపిల్స్ అంటే స్లిక్స్ షాట్, ట్రెసో రెండు పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. స్లిక్స్ షాట్‌కి పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, పేలినప్పుడు వెనక్కొచ్చే గ్యాస్ అందులోంచి పోతుంది, క్యాప్ ముక్కలై ఎగరడం తగ్గుతుంది. ఇటాలియన్ కాపీలకి ఎక్కువగా 6 మిల్లీమీటర్ల, 0.75 పిచ్ మర ఉంటుంది, అయినా ఆర్డర్ పెట్టే ముందు మోడల్ చెప్పి కనుక్కోండి, మర తేడా ఉన్నదాన్ని బలవంతంగా తిప్పితే సిలిండరే పోతుంది. రెండు గన్స్‌కీ ఒకే రకం నిపిల్స్ వేయించుకుంటే ఇక ఒకే నంబర్ క్యాప్ కొనుక్కోవచ్చు, మీ బావ ప్రాబ్లెం అక్కడితో చాలావరకు తీరిపోతుంది.

ఇప్పుడు మందు. నిండా పోసేయ్ అన్నాయన మాట వినొద్దు. .36 నేవీకి 3ఎఫ్ అనే సన్న పలుకుల బ్లాక్ పౌడర్ 15 నుంచి 20 గ్రెయిన్స్, .44 రెమింగ్టన్ ఉక్కు ఫ్రేమ్‌కి 20 నుంచి 28 మధ్యలో మొదలుపెట్టండి, పేపర్ టార్గెట్‌కి అది చాలా ఎక్కువే. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కో కొలతకి ఒక సిలిండర్ కాల్చి ఏది దగ్గర దగ్గరగా పడుతుందో చూసుకుంటూ రావాలి, తయారీదారు మాన్యువల్‌లో రాసిన గరిష్ఠం మాత్రం దాటకూడదు. ఫ్రేమ్ ఇత్తడిది అయితే ఇంకా తగ్గించాలి, పెద్ద లోడ్లతో ఇత్తడి మెల్లగా సాగుతుంది, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు పెరుగుతుంది. ఈ గ్రెయిన్స్ అనేది బ్లాక్ పౌడర్ కొలగిన్నె లెక్క, త్రాసు లెక్క కాదు. బ్లాక్ పౌడర్‌కి బదులుగా అమ్మే పైరోడెక్స్ వాడితే అదే గిన్నెతో అంతే కొలవాలి, తూకం వేస్తే తక్కువ తూగుతుంది, అది మామూలే. అలాంటిదే ఇంకోటి ట్రిపుల్ సెవెన్ అయితే కొలతే 15 శాతం తగ్గించమని దాన్ని అమ్మే హాడ్జ్‌డన్ వాళ్ళే చెప్తారు. పైరోడెక్స్ అంటుకోవడానికి అసలు బ్లాక్ పౌడర్ కంటే ఎక్కువ వేడి కావాలి, క్యాప్ సరిగ్గా కూర్చోకుండా ఉన్న గన్‌లో అది వేస్తే టప్ అని క్యాప్ పేలి క్షణం తర్వాత మందు అంటుకుంటుంది, చాలా డేంజర్. మీ సమస్య తీరేవరకు అసలు బ్లాక్ పౌడరే వాడండి. ఇప్పటి తూటాల్లో ఉండే స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా ఇందులో వేయకూడదు, సిలిండర్ పగిలి చేతులు పోతాయి, ఈ ఒక్క మాటలో ఎవరి సలహా వినొద్దు.

గుండు సైజు మర్చిపోయా. .44 కి .451 లేదా .454, .36 కి .375 లేదా .380, మెత్తటి స్వచ్ఛమైన సీసం. దిగ్గొట్టేటప్పుడు చుట్టూ సన్నటి సీసం రింగు తెగి బయటికి రావాలి, అది వచ్చిందంటే గుండు ఛాంబర్‌ని పూర్తిగా మూసినట్టు. రింగు రాకపోతే ఒక సైజు పెద్దది వాడండి.

---

వైట్‌ఫీల్డ్_వాసి:

అన్నా చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. బావకి మీ మెసేజ్ పంపించా, రెండో దెబ్బకి పేలడం గురించి చదివి వెంటనే ఫోన్ చేశాడు, వేలితోనే నొక్కుతున్నాడంట. ఒక డౌట్, అక్కడ క్యాపులు, మందు సరిగ్గా దొరకట్లేదు అంటున్నాడు, ఇది ఆ ఊళ్ళోనేనా లేక అంతటా ఇంతేనా?

---

ఇందిరానగర్_రిటర్న్:

అంతటా అంతే. 2020 నుంచి అమెరికాలో క్యాపులకి కరువొచ్చింది. రెమింగ్టన్ అదే ఏడాది దివాలా తీసింది, తూటాల వ్యాపారాన్ని విస్టా అవుట్‌డోర్ కొన్నది. లూసియానాలో గోయెక్స్ బ్లాక్ పౌడర్ ఫ్యాక్టరీ మూసేస్తున్నామని 2021లో ప్రకటించారు, మాలాంటివాళ్ళం నిజంగా భయపడ్డాం, 2022లో పిల్లల మోడల్ రాకెట్లు చేసే ఎస్టెస్ వాళ్ళు దాన్ని కొనుక్కున్నారు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చే స్విస్ పౌడర్ చాలా శుభ్రంగా కాలుతుంది గానీ అదే కొలతకి బలం ఎక్కువ, కాబట్టి గోయెక్స్ కొలత దీనికి అలాగే వాడకుండా మళ్ళీ కింద నుంచి మొదలుపెట్టమను. పని చేసే క్యాప్, మందు జత ఒకటి దొరికాక రెండు మూడు డబ్బాలు ఒకేసారి తెచ్చి పెట్టుకోవడం మంచిది. కరువు కదా అని క్యాపులు ఇంట్లో చేసుకునే కిట్ల వీడియోలు వస్తుంటాయి, వాటి జోలికి పోవద్దని గట్టిగా చెప్పు, చిన్న రాపిడికే పేలే మసాలా అది, కళ్ళు, వేళ్ళు పోతాయి.

---

అడయార్_పెద్దాయన:

బాబూ, నేను చెన్నై అడయార్‌లో ఉంటాను, రిటైరయ్యాక పాత ఆయుధాల చరిత్ర చదవడమే వ్యాపకం. మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు, అక్కడి క్లబ్బులో వీటితోనే పోటీలకి పోతుంటాడు, నేను వెళ్ళినప్పుడల్లా పక్కనే కూర్చుని చూసినవి రాస్తున్నాను. పైన ఆయన చెప్పిందంతా సరైనదే, ఒక్క చైన్ ఫైర్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. వెనక వదులు క్యాపు ఒక కారణమే, కానీ ముందు వైపు గుండు సరిగ్గా మూయకపోతే అక్కడి నుంచీ నిప్పు పోతుంది, రెండు వైపులా కట్టడి చేయాలి. మందుకీ గుండుకీ మధ్య కందెన పట్టించిన ఫెల్ట్ వాడ్ (ఉన్ని గుడ్డతో చేసిన గుండ్రటి బిళ్ళ) పెట్టడం, లేదా గుండు పైన కొవ్వు లాంటి కందెన రాయడం ఇందుకే. కందెన వల్ల ఇంకో లాభం, బ్లాక్ పౌడర్ మసి గట్టిపడకుండా మెత్తగా ఉంటుంది, లేకపోతే రెండు మూడు సిలిండర్లకే బిగుసుకుపోతుంది.

ఆ కందెన దేంతో చేయాలని అడుగుతారు. పెట్రోలియం నూనెలు వద్దు, బ్లాక్ పౌడర్ మసితో కలిసి తారులా అతుక్కుంటాయి. తేనెమైనంలో జంతువుల కొవ్వు గానీ వంటనూనె గానీ కరిగించి కలిపింది సరిపోతుంది. శాకాహారులు కొవ్వు ముట్టుకోమంటే నూనె చాలు, ఏ తేడా ఉండదు. 1857లో ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాల కాగితానికి రాసిన కొవ్వు దగ్గరే కదా సిపాయిల అనుమానం మొదలైంది, ఆ జనవరిలోనే మీకు నచ్చినది మీరే రాసుకోండని ఆదేశం కూడా ఇచ్చారు, అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ గొడవల్లో ఇంగ్లీషు అధికారుల నడుముకి ఉన్నవి ఇలాంటి క్యాప్ రివాల్వర్లే, కోల్ట్ నేవీలు, ఆడమ్స్‌లు. కోల్ట్ 1853లో లండన్‌లోనే ఫ్యాక్టరీ పెట్టాడు. ఆడమ్స్‌ని బోమాంట్ అనే ఇంజనీరు ఆఫీసరు మెరుగుపరిస్తే 1856లో బ్రిటిష్ సైన్యం తీసుకుంది. అసలు దెబ్బకి పేలే మసాలాతో తుపాకీ పేల్చడమనే ఆలోచన స్కాట్లాండ్‌లో ఫోర్‌సైత్ అనే పాస్టరుది, 1807లో పేటెంట్ తీసుకున్నాడు, చెకుముకి తుపాకీ మెరుపు చూసి పక్షులు ఎగిరిపోతున్నాయని ఆయన బాధ. చెన్నై వస్తే ఎగ్మూర్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ తీరిగ్గా చూడు, తంజావూరు ప్యాలెస్ నుంచి వచ్చినవి కూడా ఉన్నాయి.

అసలు చెప్పాల్సింది ఇంకోటుంది. జర్మనీ, ఇటలీ పోటీవాళ్ళు చాలా తక్కువ మందు పోస్తారు, అప్పుడు గుండు ఛాంబర్‌లో లోతుకి పోయి మూతికి దూరమవుతుంది, గురి చెడుతుంది. ఆ ఖాళీ నింపడానికి వాళ్ళు మందు మీద పోసేది మన బొంబాయి రవ్వే. పచ్చి రవ్వ, వేయించింది కాదు. మందు పోసి, రవ్వ పోసి, పైన గుండు దిగ్గొడితే గుండు ఛాంబర్ అంచుకి కొంచెం కిందనే ఆగుతుంది, ప్రతి షాటూ అక్కడే. ముఖ్యంగా ఖాళీ మిగలకూడదు, గుండుకీ కింద ఉన్నదానికీ మధ్య గాలి సందు ఉండటం బ్లాక్ పౌడర్‌లో ప్రమాదం. మీ బావగారు 18 గ్రెయిన్స్‌తో రవ్వ పోసి ఒకసారి చూడమని చెప్పు, పేపర్ మీద రంధ్రాలన్నీ ఎంత దగ్గరికొస్తాయో.

---

కడపోడు_కోరమంగల:

ఏమప్పా, అందరూ కాల్చేది చెప్తాండారు, తెచ్చుకునే సంగతి ఎవరూ మాట్లాడలా. నేను బెంగళూరు ఎయిర్‌పోర్ట్ కార్గోలో పని చేస్తా, అందుకే రాస్తాండా. బ్లాక్ పౌడర్, ఆ క్యాపులు విమానంలో ఏ బ్యాగులోనూ పెట్టకూడదు, చేతి బ్యాగు కాదు, చెకిన్ కూడా కాదు, అమెరికాలోనే ఆపేస్తారు. వాడిన బ్యాగు, ప్యాంటు జేబులు కూడా దులుపుకొని రా సామీ, రేంజ్‌కి ఏసుకుపోయిన బట్టలు, బ్యాగు విమానానికి తేవద్దు, జేబులో ఒక్క క్యాప్ మిగిలినా గంటల కొద్దీ జవాబు చెప్పుకోవాల్సి వస్తాది. ఖాళీ డబ్బా కూడా నన్నడిగితే వద్దంటా, ఫోటో తీసుకో చాలు.

రివాల్వర్ అయితే ఆలోచన కూడా పెట్టుకోవద్దు. అమెరికాలో 1968 చట్టం ప్రకారం ఈ క్యాప్ కాపీలు పురాతన ఆయుధాల కింద పోతాయి, అందుకే మీ బావ సులువుగా కొనుక్కున్నాడు, రాష్ట్రాల చట్టాలు మళ్ళా వేరే. మన దగ్గర అట్ల కాదు, 1959 ఆయుధ చట్టం, 2016 రూల్స్, లైసెన్స్ లేకుండా తెస్తే నేరుగా కేసు, మందుకి పేలుడు పదార్థాల చట్టం అదనం. ఇంకోటి, బెంగళూరులో కొందరు కొడగు ఫ్రెండ్స్‌ని చూసి మనకీ కుదురుతుందేమో అనుకుంటారు. కొడవలకి, అక్కడ జమ్మా భూమి (తరతరాలుగా వచ్చే పాత హక్కు భూమి) ఉన్నోళ్ళకి లైసెన్స్ మినహాయింపు ఉండేది నిజమే, 2029 దాకా పొడిగించినారు, కానీ అది వాళ్ళకే, మనకి కాదు.

ఇక్కడ చేతికి అలవాటు కావాలంటే ఎయిర్ పిస్టల్ పట్టుకో. 4.5 మిల్లీమీటర్ల బోర్, 20 జౌల్స్ లోపు ఉంటే లైసెన్స్ అక్కర్లా. ఒక నెల క్లబ్బుకి పోయి ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం నేర్చుకుని పోతే అక్కడ మీ బావ మందు కూడా దండగ కాదు.

---

వైట్‌ఫీల్డ్_వాసి:

అన్నా, పెద్దాయన గారూ, ఇద్దరికీ నమస్కారాలు. తెచ్చుకునే ఆలోచన మానేశా. రవ్వ సంగతి చెప్తే అక్క పగలబడి నవ్వింది, ఇంట్లో ఎప్పుడూ ఉండేదే కదా అని డబ్బా పక్కన పెట్టిందంట. చివరిగా ఒకటి, రేంజ్‌కి పోయాక ఏ వరసలో చేయాలి? నేవీలో ఇంకో తలనొప్పి కూడా ఉందంట, పేలిన క్యాప్ ముక్క హ్యామర్ లోపలికి పడి ఇరుక్కుంటోంది, రెమింగ్టన్‌లో ఆ బాధ లేదు.

---

ఇందిరానగర్_రిటర్న్:

అది కోల్ట్ డిజైన్‌లోనే ఉంది. సిలిండర్ వెనక ఫ్రేమ్ పైన తెరిచే ఉంటుంది, క్యాప్ పగిలి హ్యామర్ సందులోకి జారుతుంది. హ్యామర్ లాగేటప్పుడు గన్ మూతి కొంచెం పైకెత్తి లాగితే ముక్క బయటికి పడుతుంది, కానీ రేంజ్ రూల్ ఒప్పుకుంటేనే, ఎత్తినా టార్గెట్ వెనక మట్టిగట్టు దాటి పైకి పోకూడదు. స్లిక్స్ షాట్ వేస్తే ఇదీ తగ్గుతుంది. రెమింగ్టన్‌కి వేరే బాధ, మధ్య కడ్డీ సన్నగా ఉండి మసికి తొందరగా బిగుసుకుంటుంది, కోల్ట్ కడ్డీ లావు, గ్రీజు నిలవడానికి గాడులు కూడా ఉంటాయి. రెమింగ్టన్ కడ్డీకి మొదటి సిలిండర్ ముందే పెద్దాయన చెప్పిన తేనెమైనం కందెన బాగా రాయమను.

వరస అంటే, ముందు ఛాంబర్లు, నిపిల్స్ నూనె లేకుండా తుడిచి, మందు ఏమీ వేయకుండా ఆరు నిపిల్స్ మీదా క్యాపులు పెట్టి పేల్చాలి, లోపల మిగిలిన నూనె కాలిపోతుంది, ఇది చేయకపోతే మొదటి రౌండ్‌లోనే సగం పేలవు. మూతి దగ్గర ఒక ఎండుటాకు పెట్టి పేలిస్తే, ఆకు కదిలితే దారి తెరుచుకున్నట్టు. తర్వాత మందు, రవ్వ లేదా వాడ్, గుండు, కందెన. మందు డబ్బా నుంచి నేరుగా పోయకూడదు, కొలగిన్నెలోకి తీసుకుని పోయాలి, డబ్బా మూత పెట్టి దూరంగా ఉంచాలి. క్యాపులు అన్నిటికంటే చివర, ఫైరింగ్ లైన్ మీద నిలబడ్డాకే. ఐదు మాత్రమే నింపి హ్యామర్ ఖాళీ ఛాంబర్ మీద ఉంచడం మంచి అలవాటు, అక్కడి కౌబాయ్ పోటీల్లో అదే పద్ధతి.

పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి నిమిషం ఆగు, కంగారుపడి వెనక్కి తిప్పి చూడొద్దు. అప్పుడు పాత క్యాప్ తీసి కొత్తది పూర్తిగా దింపి మళ్ళీ కొట్టు. కళ్ళద్దాలు తప్పనిసరి, క్యాప్ రాగి ముక్కలు ముఖం దాకా వస్తాయి.

ఇంటికొచ్చాక ఆ రాత్రే కడగాలి, మర్నాడు అంటే కుదరదు, హ్యూస్టన్ గాలి మన చెన్నై గాలి లాంటిదే, మసి తేమ పీల్చి తెల్లారేసరికి తుప్పు లేపుతుంది. సిలిండర్ విప్పి నిపిల్స్ తీసి వేడి సబ్బునీళ్ళలో వేసి బ్రష్ పెట్టి రుద్ది, వేడిగా ఉండగానే ఆరబెట్టి పల్చగా నూనె. నిపిల్ మరలకి కొంచెం గ్రీజు రాసి బిగించమను, లేకపోతే మళ్ళీసారి ఊడి రావు.